పరాయి బండి స్టాండు

సామ్యూల్ ఎడమకాలు చిన్నతనంలోనే ఎండిపోయింది. ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆ కాలిలోని సత్తువంతా పట్టుకుపోయింది. తండ్రి బక్కయ్య నిర్మల్‌లో మిషన్ బంగళా తోటకు నీళ్లు తోడేవాడు. కొడుకు నాగలి పట్టలేడు, మూట మోయలేడు. కాబట్టి బడికి పంపాడు. పేదల ఇళ్లలోకి చదువు ఇలాగే వస్తుంది, మరి దేనికీ పనికిరాని పిల్లవాడిని వెతుక్కుంటూ.

ఆ చదువు ఏడో తరగతి దాకా సాగి, మిషన్ దవాఖానలో పుండ్లు కడిగే పని దగ్గర ఆగింది. సూది పొడవడం, మందు కలపడం చూసి చూసి నేర్చుకున్నాడు. జనం 'కంపౌండర్ సాబు' అని పిలవసాగారు. దవాఖానలో మాత్రం అతను బక్కయ్య కొడుకే.

అతని బతుకులో విడ్డూరం అంటూ ఉంటే అది మోటారు సైకిలే. పోలీసు చర్యకు వచ్చిన పటాలాలు తిరిగి పోయేటప్పుడు వేలం వేసిన ఆకుపచ్చ బండి అది. మిషన్ డాక్టరు దొర దాన్ని కొని కొన్నేళ్లు నడిపి, తన దేశానికి పోతూ సామ్యూల్‌కు అప్పగించాడు. నిర్మల్ బజారంతా నవ్వింది. "కుంటోనికి గుర్రమిచ్చి పోయిండు దొర" అన్నారు. సామ్యూల్ మాత్రం ఆ గుర్రాన్ని లొంగదీసుకున్నాడు. లొంగదీయడానికి అతనికి దొరికిన కిటుకు బండి ఎడమ పక్కనున్న సైడ్ స్టాండు. దాన్ని వాల్చి, బండి బరువంతా దాని మీదికి ఒరగనిచ్చి, సీటు మీద కూర్చుని బాగున్న కుడికాలితో కిక్కు కొట్టేవాడు. దిగేటప్పుడూ అంతే. ముందు స్టాండు వాల్చాలి, తర్వాత కుడికాలు నేల మీద మోపాలి, ఆ తర్వాత ఎడమకాలిని చేత్తో ఎత్తి సీటు దాటించి ఇవతల పెట్టుకోవాలి. వెనక ఉన్న పెద్ద స్టాండు మీదికి బండిని గుంజి ఎక్కించడం అతని వల్ల కాదు. దేవుడు ఇవ్వని కాలిని పటాలంవాళ్లు ఇచ్చారని ఆనందమ్మ అనేది. ఆనందమ్మ అతని భార్య, దేవుడి మీద కూడా పరాచికాలాడే మనిషి.

ఆ బండి మీద అతను చేసే పని ఇంకెవరూ ఒప్పుకోని పని. ప్రతి బేస్తవారం భైంసా దారిలో పాడుబడ్డ పత్తి జిన్నింగు షెడ్డుకు పోయేవాడు. కుష్ఠు అని చుట్టుపక్కల ఊళ్లు వెళ్లగొట్టిన పెద్దరోగం వాళ్లు ఆ షెడ్డు చుట్టూ గుడిసెలు వేసుకుని ఉండేవారు. తెల్ల గోళీలు ఇచ్చి, పుండ్లు కడిగి, అందరి చేతులూ పాదాలూ తిప్పి తిప్పి చూసి, ప్రతిసారీ అదే పాఠం చెప్పేవాడు.

"మీ చెయ్యికి సెగ తెల్వది, ముల్లు తెల్వది. చెయ్యిని నమ్మకుండ్రి. పొయ్యి కాడికి పోతే కండ్లతోని చూసుకోండ్రి. రోగం కన్న కాలుడు చెడ్డది."

"గా ముచ్చట మాకు కంఠపాఠమే సాబూ, గోళీ ఇయ్యి" అనేది కొమురవ్వ. ఆ గుడిసెల్లో అందరికన్నా ముసలిది, అందరికన్నా నోరున్నదీ ఆమే.

వాళ్లలో కొమురెల్లి ఒక్కడు నయమైనవాడు. కురుమ పిల్లగాడు, గొర్లమంద ఉన్న ఇల్లు. ఇరవై ఏళ్లకు చేతి మీద మచ్చ లేచింది. అంతే, మంద అన్న హనుమండ్లుకు పోయింది, పెళ్లాం పుట్టింటికి పోయింది, ఇతను షెడ్డుకు వచ్చాడు. ఏళ్ల తరబడి ఒక్క వారం తప్పకుండా గోళీలు మింగాడు. పెద్ద దవాఖాన డాక్టరమ్మ వచ్చి పరీక్ష చేసి, రోగం చచ్చిపోయిందనీ, ఇక ఎవరికీ అంటదనీ చెప్పింది. వేళ్లన్నీ నిలిచాయి. కుడి అరచేతికి స్పర్శ మాత్రం తిరిగి రాలేదు, ఇక రాదు కూడా.

సామ్యూల్ కొమురెల్లి ఊరికి ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. చివరకు కురుమల పెద్దమనిషి కైలాసం మెత్తబడ్డాడు. పత్తి ఏరడం అయిపోయాక ఒక దినం పెట్టుకుందామన్నాడు. కులం నుంచి వెలి అయినవాడు తిరిగి రావాలంటే వాళ్లలో ఒక పద్ధతి ఉంది. అందరూ బంతిలో కూర్చుంటారు. వచ్చినవాడు తన కుడిచేత్తో ప్రతి విస్తట్లో అన్నం పెట్టాలి. పెద్దమనిషి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే మనిషి కులంలో కలిసినట్టు. ఆ మాట విన్ననాటి నుంచి కొమురెల్లి రాత్రీ పగలూ తన కుడిచేతిని చూసుకుంటూ ఉండేవాడు, కొత్తగా కొన్న వస్తువును చూసుకున్నట్టు.

ఆ ఏడు ఆషాఢంలోనే సామ్యూల్ బండి స్టాండు విరిగింది. రాళ్లబాటలో ఒక ఊరి ముందు ఆగి దాని మీదికి ఒరిగితే, కీలు దగ్గర పుటుక్కున విరిగి ఊడిపోయింది. బండినీ అతన్నీ ఎడ్లబండిలో వేసి నిర్మల్ చేర్చారు. దవాఖాన కమిటీ ఇలాంటిదాని కోసమే కాచుకుని ఉంది. పెద్దరోగం పని సైకిలు తొక్కగలిగే ఎవరికైనా ఇద్దామనీ, సామ్యూల్‌ను గేటు దగ్గర కూర్చోబెడదామనీ అనుకున్నారు. గేటు దగ్గర కూర్చోవడమంటే ఏమిటో సామ్యూల్‌కు తెలుసు. తండ్రి తోడిన నీళ్లు తాగిన మొక్కలకు కాపలా కాయడం. మర్నాడే బండిని తోయించుకుని బుచ్చిరాములు దుకాణానికి పోయాడు.

బుచ్చిరాములు బస్సులకూ లారీలకూ గ్యాసు అతుకులు వేసేవాడు. పటాలం బండి సామాను హైదరాబాదులో కూడా దొరకదన్నాడు. కానీ అతని పెరట్లో ఒక కాంట్రాక్టరు బుల్లెట్ పడి ఉంది, లారీ కింద పడి నుజ్జయినది. దాంట్లో చెడకుండా మిగిలింది స్టాండొక్కటే. దాన్ని ఊడదీసి, పటాలం బండికి కొత్త కీలు అతికి బిగించాడు. దుకాణం ముందంతా నల్లరేగడి బురద. బండిని ఆ బురదలోనే నిలబెట్టి, వెనక్కి జరిగి చూసుకున్నాడు.

"చూడు సాబ్, పెండ్లికొడుకు లెక్క నిలబడ్డది."

"పరాయి బండిది గద, జర పొడుగున్నట్టుంది బుచ్చిరాములూ."

"పొడుగేంది? పొట్టిగుంటే పడతది గని పొడుగుంటే పడతదా? గీ బురదల రెండు వేళ్ల లోతు దిగనే దిగుతది. మన రేగడికి గంత కాలు ఉండాలె."

సామ్యూల్‌కు ఆ మాట నచ్చింది. రేగడి మీద పుట్టినవాళ్లు దేన్నైనా వానాకాలాన్ని చూసే కొలుస్తారు. గడప ఎత్తయినా, బండిచక్రం వెడల్పయినా అంతే. ఆ వానలన్నీ బండి ఎక్కడ ఆపితే అక్కడ స్టాండు మెత్తగా నేలలోకి దిగి, కావలసినంత ఒరిగి, కదలకుండా నిలబడింది. కమిటీ నోరు మూసుకుంది.

దీపావళి దాటాక నేల ఎండింది. రేగడి ఎండితే రాయి. స్టాండు దిగడం మానేసింది. ఇప్పుడు బండి ఎడమకు ఒరగకుండా నిటారుగా నిలబడి, గాలి వీస్తే చాలు కుడివైపుకు తూగేది. మొదట ఇంటి ముందే పడింది, లేపి నిలబెడితే మళ్లీ తూగింది.

ఆనందమ్మ చేట పక్కన పెట్టి వచ్చి చూసింది. "ఏందయ్యా, గిది నిలబడ్డదా, పండుకుందామని జాగ చూస్తున్నదా?"

"స్టాండు కొంచెం కోయించాలె."

"మరి కోయించరాదు?"

"గ్యాసు అయిపోయిందట. నిజామాబాదు నుంచి రావాలంటున్నడు. ఎప్పుడొస్తదో ఏమో, బండి ఆడ విడిచిపెట్టి పొమ్మన్నడు."

విడిచిపెడితే బేస్తవారాలు పోతాయి. బేస్తవారాలు పోతే కమిటీకి మళ్లీ నోరు లేస్తుంది. వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూ నెట్టుకొచ్చాడు. ఎక్కడ ఆగితే అక్కడ స్టాండు కాలికింద చిన్న గుంత తవ్వించుకునేవాడు. షెడ్డు దగ్గర ఆ పని కొమురెల్లి తన మీద వేసుకున్నాడు. బండి చప్పుడు దూరాన వినబడగానే గుంత సరిచేసి, సామ్యూల్ దిగేదాకా వెనక క్యారియరు పట్టుకునేవాడు. తాకితే అంటుకుంటుందని జనం తాము నడిచిన దారిలో కూడా నడవనివ్వని మనిషికి, ఒకరి సొత్తు పట్టుకోమని ఇవ్వడమంటే మాటలు కాదు. సామ్యూల్ ఇచ్చాడు.

"సాబు ఫట్‌ఫటి నేను పట్టుకుంటెనే నిలబడతది" అని కొమురెల్లి గుడిసెలన్నిటా చెప్పుకునేవాడు.

"పెండ్లాం పోయినా ఫట్‌ఫటి దొరికె నీకు. కాపురం మంచిగ చేసుకో" అనేది కొమురవ్వ.

కులభోజనానికి ఇంకా నెల ఉందనగా ఒక బేస్తవారం. ఎవరి మేకలో తొక్కి గుంతను పూడ్చేశాయి, కొమురెల్లి చూసుకోలేదు. మిట్టమధ్యాహ్నం, ఎండలో దూరం నడిపి వచ్చి సామ్యూల్ అలసిపోయి ఉన్నాడు. స్టాండు వాల్చి, కుడికాలు నేల మీద మోపి, ఎడమకాలిని చేత్తో ఎత్తుతుండగా బండి నిటారుగా లేచి అతని మీదికే తిరిగింది. వెల్లకిలా పడ్డాడు. బండి తొడల మీదికి వస్తుండగా సగంలో ఆగింది.

పరుగున వచ్చిన కొమురెల్లి ఆపాడు. ఎడమచేత్తో క్యారియరు పట్టి, కుడి అరచెయ్యిని కింది నుంచి పొగ గొట్టానికి ఆనించి, భుజంతో సహా పైకి తోస్తున్నాడు.

"జరుగు సాబు! మెల్లగ జరుగు, పరేషాన్ కాకు. నేను పట్టుకున్న!"

సామ్యూల్ మోచేతుల మీద వెనక్కి పాకాడు. సీటుకు అవతలే ఉండిపోయిన ఎండిన కాలు స్టాండు కమ్మికి చిక్కుకుంది, దాన్ని చేతులతో విడదీసుకోవాల్సి వచ్చింది. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. ఆ రోజుల్లో చేలల్లో పత్తికట్టె తగలబెడతారు. అదే అనుకున్నాడు. అతను పూర్తిగా బయటికి వచ్చేదాకా కొమురెల్లి చెయ్యి తీయలేదు. నవ్వుతున్నాడు కూడా.

"చూసినవా సాబూ, గీ చెయ్యిల ఎంత బలమొచ్చిందో!"

ఆ పూట సామ్యూల్ వరుసగా అందరి చేతులూ పాదాలూ చూశాడు. కొమురెల్లి చేతులు చూడలేదు. నయమైనవాడి చేతులు తిప్పి చూస్తే అవమానించినట్టు ఉంటుందనుకున్నాడు.

మరుసటి వారం కొమురెల్లి దూరంగా గోడ పక్కన నిలబడి పలకరించాడు, చెయ్యి కంబళి కింద ఉంది. ఆ పై వారం రానేలేదు.

"గుడిసెల పండుకున్నడు సాబూ" అంది కొమురవ్వ. ఆ రోజు ఆమె పరాచికాలాడలేదు. "చెయ్యికి బట్ట కట్టిండు. మాకు సుత చూపిస్తలేడు. ఈగలొస్తున్నయ్."

సామ్యూల్ గుడిసెలోకి వంగి పోయి బట్ట విప్పాడు. ముప్పై ఊళ్ల పుండ్లు కడిగిన మనిషి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎప్పటిది గిది?"

"గదే. నీ బండి పట్టుకున్ననాటిది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే రోగం తిరగబెట్టిందంటవని. కులపోళ్లు కూసునేనాటికి మానుతదనుకున్న. ఆకుపసరు పెట్టిన."

"కాలుతున్నట్టు తెల్వనేలేదారా నీకు?"

కొమురెల్లి అతని ముఖంలోకి చూశాడు. "తెలిస్తే ఇడిచిపెట్టకపోదునా సాబూ? ఇడిచిపెడితే నీ మీద పడకపోవునా?"

పెద్ద దవాఖానలో మూడు వేళ్లూ అరచేతిలో ఒక పక్కా తీసేశారు. బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. డాక్టరమ్మ మళ్లీ పరీక్ష చేసి, రోగం ఆనవాలు లేదనీ, ఇది ఒట్టి కాలిన పుండేననీ చెప్పింది. కొమురెల్లి అక్కడ పడి ఉన్న రోజుల్లోనే సామ్యూల్ బండిని బుచ్చిరాములు దగ్గరికి తీసుకుపోయాడు. గ్యాసు వచ్చింది. స్టాండు కోసి, అడుగు మళ్లీ అతకడానికి ఒక చాయ్ తాగినంత సేపు పట్టింది. అంతసేపూ సామ్యూల్ బుచ్చిరాములు తెప్పించిన చాయ్ గ్లాసు చేత్తో పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

కులభోజనం వాయిదా వేయమని అడిగితే ఇక ఎప్పటికీ జరగదని అతనికి తెలుసు. పుండు పైపైన మానగానే, అనుకున్న దినానికే కొమురెల్లిని బండి మీద ఊరికి తీసుకుపోయాడు. హనుమండ్లు వాకిట్లో పందిరి వేసి, రెండు పొటేళ్లను కోయించాడు. తల్లి గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. విస్తళ్లు పరిచారు. కొమురెల్లి అన్నం గంప చంకన పెట్టుకుని, ఉన్న రెండు వేళ్లతో అన్నం తీసి పెద్దమనిషి కైలాసం విస్తట్లో పెట్టాడు. సగం మెతుకులు అవతల రాలాయి. రెండో విస్తట్లో పెట్టాడు. మూడో విస్తట్లో పెట్టాడు. బంతి చివరిదాకా పోయాడు. ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టలేదు. అందరూ కైలాసం వైపు చూస్తున్నారు.

కైలాసం చెడ్డవాడు కాడు. మెల్లగా అడిగాడు. "వేళ్లు ఎట్ల పోయినయ్ బిడ్డా?"

సామ్యూల్ ముందుకు వచ్చాడు. "రోగం కాదు పటేలా. నా బండి పొగ గొట్టానికి కాలింది. నన్ను బతికిద్దామని పట్టుకున్నడు. డాక్టరమ్మ సుత చెప్పింది."

"కాలిందంటవు."

"దేవుని సాక్షి."

"కాలినప్పుడు ఒర్రిండా?"

నొప్పికి అరిచాడా అని అడుగుతున్నాడు. సామ్యూల్ కొమురెల్లి చేతి వైపు చూశాడు.

"చెప్పు సాబ్. ఇనుము కాలి చెయ్యికి అంటుకుంటే పసిపోరడు సుత ఒర్రుతడు. వీడు ఒర్రిండా?"

"లే. ఒర్రలే."

"మరి రోగం ఏడ పోయింది? ఒర్రని చెయ్యి మంచి చెయ్యి ఎట్లయితది?"

స్పర్శ పోవడం రోగం మిగిల్చిపోయిన నష్టమనీ, అది రోగం కాదనీ దొర చెప్పగా అతను నేర్చుకున్నాడు. ఆ వాకిట్లో ఆ మాట ఎవరికీ పనికిరాదు. అన్నం చల్లారుతోంది. ఒకతను అప్పుడే విస్తరిని వేలితో అవతలికి నెడుతున్నాడు. ఏం తోచిందో, సామ్యూల్ ఒక విస్తరి తీసుకుని బంతి చివర చతికిలబడ్డాడు.

"కొమురెల్లీ, నాకు పెట్టు. నేను తింట. చూడుండ్రి మీరంత. నేను తింట."

కొమురెల్లి గంపతో నిలబడిపోయాడు. సామ్యూలే చెయ్యి చాచి గంపలోంచి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

కైలాసం లేచాడు. లేస్తూ భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. అతని ముఖంలో కోపం లేదు, పెద్ద బరువు దిగినవాడి నెమ్మది ఉంది.

"మాల బక్కయ్య కొడుకు కూసున్న బంతిల మేం తినుడేంది? గిది నడువది హనుమండ్లూ" అన్నాడు.

అందరూ లేచారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఉమ్మలేదు. కావలసిన సాకు చేతికి దొరికింది, రోగం పేరు ఎత్తనక్కర్లేకుండానే పోయింది. హనుమండ్లు సామ్యూల్ దగ్గరికి వచ్చి దండం పెట్టాడు.

"నీకు కాల్మొక్కుత సాబ్. నువ్వెందుకు కూసున్నవు? నువ్వు కూసోకుంటె, నేను వాళ్ల కాళ్ల మీద పడి ఒక్క బుక్క తినిపిద్దును గద!"

నిజమో కాదో ఎవరికి తెలుసు. తమ్ముడి మంద తన దొడ్లోనే ఉన్నవాడు ఆ మాట అన్నాడు. కానీ సామ్యూల్ చచ్చేదాకా మోయవలసిన మాట అది. తల్లి గుమ్మంలోంచి లోపలికి పోయింది. నేల మీద కూర్చుంటే చెయ్యి ఇచ్చేవాళ్లు లేకుండా లేవలేని సామ్యూల్, పందిరి గుంజ దాకా దేక్కుంటూ పోయి దాన్ని పట్టుకుని లేచాడు.

తిరుగుదారిలో కొమురెల్లి వెనక కూర్చున్నాడు. షెడ్డు కనబడుతుండగా అడిగాడు.

"వచ్చే బేస్తారం నాకు గోళీలు తెస్తవా సాబూ?"

"నీకెందుకు? నీకు రోగం లేదు కొమురెల్లీ. డాక్టరమ్మ చెప్పింది గద."

"తే సాబూ. అందరి ముంగట నా చెయ్యిల పెట్టు." ఇంజను చప్పుడులో అతని గొంతు మామూలుగానే ఉంది. "రోగం లేనోన్ని గా గుడిసెల ఉండనిస్తరా? ఏ ముఖం పెట్టుకొని ఉండాలె నేను ఆడ?"

ఆ పై బేస్తవారం సామ్యూల్ షెడ్డు ముందు వరుసగా గోళీలు పంచుతూ వచ్చి, కొమురెల్లి చాచిన ఎడమచేతిలో కూడా ఒక తెల్ల గోళీ పెట్టాడు. కొమురెల్లి అందరూ చూస్తుండగా దాన్ని నీళ్లతో మింగాడు. ఈనాటికీ మింగుతున్నాడు.